పిడుక్కీ రేడియోకీ ఒకే మంత్రం

మా అపార్ట్‌మెంటులో ఏ అరిష్టం జరిగినా దానికి మూలం నా యాంటెన్నాయే. లిఫ్టు నడుమ ఆగినా, మూడో అంతస్తులో సీరియల్ మధ్యలో బొమ్మ పోయినా, అందరూ ఒకసారి డాబా వైపు, ఆ తర్వాత నా వైపు చూస్తారు. నేను హామ్‌ని. అంటే ప్రభుత్వమే పరీక్ష పెట్టి, లైసెన్సిచ్చి, వీయూతో మొదలయ్యే కాల్‌సైన్ ఒకటి తగిలించి, ముక్కూ మొహం తెలియనివాళ్లతో రేడియోలో మాట్లాడుకోమని వదిలేసిన మనిషిని. నా ఆస్తల్లా రెండు పైపుల మధ్య కట్టిన 20 మీటర్ల రాగి తీగ. అది బట్టలారేసే దండెం కాదని మా ఆవిడ ఇంకా ఒప్పుకోలేదు.

మొన్న మే నెలలో ఈదురుగాలి, ఉరుములు, పక్క వీధి కొబ్బరిచెట్టు మీద పిడుగు. ఆ ఆదివారమే అసోసియేషన్ అత్యవసర సమావేశం.

"మాస్టారూ, మీ తీగ పిడుగుల్ని లాగుతోందండీ. తీసేయండి," అన్నారు సెక్రటరీ గారు.

2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్‌లో 13 గంటల్లో 36,749 పిడుగులు నమోదయ్యాయి. అప్పటికి నాకింకా లైసెన్సే లేదు. లాగే నాథుడు లేకుండా అవన్నీ సొంతంగా దారి వెతుక్కుని ఎలా వచ్చాయో పాపం! మా డాబా మీదే నా తీగకి మూడింతల ఎత్తున సెల్ టవర్ ఉంది. దాని ఊసు ఎవరూ ఎత్తలేదు. నెలనెలా అద్దె కట్టే ఇనుము జోలికి పిడుగు రాదని మావాళ్ల గట్టి నమ్మకం.

పోనీ బిల్డింగు లైట్నింగ్ అరెస్టర్ సంగతేమిటని అడిగాను. ఉంది. కడ్డీ దర్జాగా నిలబడే ఉంది. దాన్నించి నేలకి దిగాల్సిన రాగి పట్టీ మాత్రం పాత సామాన్ల బండెక్కి చాలాకాలమైంది, గోడకి క్లాంపులు మిగిలాయి. ఉప్పూ బొగ్గూ పోసి కట్టిన ఎర్త్ గొయ్యి సెల్లార్‌లో టైల్స్ కింద ఉంది. ఆ టైల్స్ మీద సెక్రటరీ గారి కారుంది.

ఫ్రాంక్లిన్ గాలిపటం కథ చిన్నప్పుడు చదువుకున్నదే, 1752 నాటిది. మరుసటి ఏడే సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో రిచ్‌మన్ అనే శాస్త్రవేత్త, పిడుగులోని కరెంటు కొలుద్దామని ఇంటి కప్పు మీది కడ్డీని గదిలోకి తెచ్చుకున్నాడు. నేలకి మాత్రం కలపలేదు. గాలివానలో దాన్ని చూడ్డానికి దగ్గరికెళ్లి అక్కడికక్కడే ప్రాణం వదిలాడు. ఆయన ఆపేసిన ప్రయోగాన్ని మా అపార్ట్‌మెంటు ఎంతో శ్రద్ధగా కొనసాగిస్తోంది.

నా తెలివీ తక్కువేం కాదు. మబ్బు పట్టగానే యాంటెన్నా నుంచి రేడియోకి దిగే కేబుల్‌ని, అదే కోయాక్స్‌ని, పీకి, దాని పక్కనే టేబుల్ మీద జాగ్రత్తగా పెట్టేవాణ్ని. ఆకాశం నుంచి కిలోమీటర్ల గాలిని చీల్చుకుంటూ వచ్చేది, ఆ చివరి రెండంగుళాల దగ్గర మాత్రం చెప్పులు విడిచి ఆగుతుందని నా లెక్క.

కొబ్బరిచెట్టు పిడుగుకి ముందే ఒకసారి ఎలక్ట్రీషియన్‌ని కూడా పిలిచాను. "రేడియోకి సెపరేట్ ఎర్త్ వేసేస్తా సార్, టెన్షన్ పెట్టుకోకండి," అని కిటికీ కింద కొత్త రాడ్ దిగ్గొట్టాడు. ఆ తీగని కిటికీ అంచు వెంబడి ముచ్చటగా నాలుగు మూలలు తిప్పి, మిగిలిన మూడు మీటర్లూ తర్వాత పనికొస్తుందని చుట్ట చుట్టి మేకుకి తగిలించాడు. తిన్నటి తీగకే మీటరుకి సుమారు 1 మైక్రోహెన్రీ ఇండక్టెన్స్, అంటే కరెంటు ఒక్కసారిగా ఎగబాకితే అడ్డుపడే గుణం, ఉంటుంది. మైక్రోసెకనుకి 10,000 ఆంపియర్ల చొప్పున ఎగబాకే పిడుగు ముందు, అది మీటరుకి 10,000 వోల్టులు. చుట్టకి ఇంకా ఎక్కువ. వచ్చేవాడు కొత్తల్లుడు. వెడల్పాటి రాగి పట్టీ, తిన్నటి దారి కావాలి, మలుపులు పెడితే అలిగి ఎటు దూకుతాడో తెలీదు.

అంతకన్నా పెద్ద ముచ్చట ఆ రెండు ఎర్త్‌లది. కరెంటు మీటరు దగ్గర ఒకటి, కిటికీ కింద ఒకటి, మధ్య ఏ సంబంధమూ లేదు, అచ్చం వేరుపడ్డ అన్నదమ్ములు. మామూలు రోజుల్లో ప్రశాంతం. కొబ్బరిచెట్టు మీద పిడుగు పడ్డ పూట ఒకడి గడపలో వోల్టేజీ ఎగదన్నింది, రెండోవాడి గడపలో అంత లేదు. ఇద్దరి మధ్యా వైర్లతో కట్టేసి ఉన్న పెద్దమనిషి నా రేడియో ఒక్కటే. తగువు తీర్చబోయి పోయింది. కోయాక్స్ మాత్రం టేబుల్ మీద క్షేమం.

ఇప్పుడు ఆ రెండు ఎర్త్‌లనీ మందపాటి రాగి పట్టీతో కలిపించాను. కోయాక్స్‌కి గోడ బయటే, తీగ వెంట వచ్చే అధిక వోల్టేజీని నేలకి మళ్లించే ఒక చిన్న అరెస్టర్ బిగించి, దాన్నీ ఆ పట్టీకే కలిపాను. మబ్బు రాకముందే కోయాక్స్‌ని అక్కణ్నుంచి ఊడదీసి బయటే వదిలేస్తున్నాను. పిడుగు నేరుగా నెత్తిన పడితే ఇవేవీ పూర్తి పూచీ ఇవ్వవు. అందుకే మా అమ్మ గుమ్మంలో నిలబడి "అర్జునా, ఫల్గుణా, పార్థా, కిరీటీ" అంటూ పది పేర్లూ ఆగకుండా చదువుతుంది. దానికి మెయింటెనెన్స్ ఖర్చు లేదు, ఎవరూ ఊడబెరికి అమ్ముకోలేరు.

అసోసియేషన్‌కీ ఒక మంత్రం ఉంది. కుక్కకైనా, కుండీకైనా, యాంటెన్నాకైనా అదొక్కటే: "తీసేయండి."

నిన్న సాయంత్రం మళ్లీ మబ్బేసింది. సెక్రటరీ గారి ఫోన్.

"మాస్టారూ, కనెక్షన్ పీకేశారా?"

"పీకేశానండీ. మీరు కాస్త కారు తీస్తే ఆ ఎర్త్ గొయ్యి తెరిచి రెండు బిందెల నీళ్లు పోయిస్తాను."

"ఇప్పుడెందుకండీ, వానొస్తోందిగా! అదే తడుస్తుందిలెండి."