లింగంపల్లి పక్కనే

హైదరాబాదులో ఉద్యోగం ఖాయమైందన్న కబురు నాకు గోదావరి వంతెన మీద అందింది. తాడేపల్లిగూడెంలో పెళ్లికి వెళ్తున్నాం. రైలు వంతెన ఎక్కుతుండగా ఆఫీసు నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసి, వచ్చే నెల ఒకటో తారీఖున చేరమంది. ఆఫీసు గచ్చిబౌలిలోనట. మంచి కబురు చెప్పిందన్న చనువుతో "ఇల్లు ఎక్కడ చూసుకోమంటారమ్మా?" అని అడిగాను. ఒక పక్క వంతెన దడదడలు. ఇంకో పక్క గోదాట్లో వెయ్యడానికి రూపాయి బిళ్ల కోసం మా ఆవిడ నా జేబులన్నీ తిరగేస్తోంది. ఈ గోలలో నా చెవిన పడింది ఇంతే: "నల్ల... అయితే బెస్ట్ సార్. లింగంపల్లి పక్కనే. యూనివర్సిటీ దగ్గర. రైల్వే స్టేషన్ కూడా ఉంది."

కొవ్వూరు దాటగానే మావయ్యకు ఫోన్ కొట్టాను. ఆయన నలభై ఏళ్లుగా విద్యానగర్‌లో కాపురం. ఆయన లెక్కలో హైదరాబాదంటే చిక్కడపల్లి నుంచి తార్నాక దాకా. అమీర్‌పేట దాటితే పొరుగూరే. 2017లో మెట్రో వస్తే దాన్ని చూడ్డానికి ఎక్కాడు గానీ, ఎక్కడికో వెళ్లడానికి కాదు.

"నల్ల ఏదో అంది మావయ్యా, సరిగ్గా వినబడలేదు."

"నల్లకుంట! ఇంకేముంటుంది?"

"లింగంపల్లి పక్కనట."

"బాగ్‌లింగంపల్లి పక్కనేగా మరి!"

"యూనివర్సిటీ దగ్గరట."

"ఉస్మానియా ఎక్కడుందనుకున్నావు?"

"రైల్వే స్టేషన్..."

"మా విద్యానగర్ స్టేషన్ స్టేషన్ కాదంట్రా?"

మూడుకు మూడూ కలిశాయి. మా పెళ్లికి జాతకాలు కూడా ఇంత బాగా కలవలేదు. (హైదరాబాదు వాళ్లు ఈపాటికే నవ్వుతుంటారు. కానివ్వండి.)

ఒక ఆదివారం మావయ్యా నేనూ నల్లకుంట సందులన్నీ తిరిగాం. 'పెంట్‌హౌస్ అద్దెకు' అన్న బోర్డు చూసి మూడంతస్తులు ఆయాసపడుతూ ఎక్కితే, డాబా మీద నీళ్ల ట్యాంకును ఆనుకుని ఒక రేకుల గది. ఈ ఊళ్లో దాన్నే పెంట్‌హౌస్ అంటారట. చివరికి ఫీవర్ ఆసుపత్రికి కాస్త దూరంలో, రెండో అంతస్తులో ఒక పోర్షన్ నచ్చింది.

ఓనరుగారు రిటైరైన లెక్కల మాస్టారు. ఉద్యోగానికి నన్ను ముప్పావుగంట ఇంటర్వ్యూ చేశారు. ఈయన గంటన్నర చేశారు.

"చుట్టాలున్నారా?"

"ఉన్నారండి."

"వస్తారా?"

దీనికి ఏం చెబితే ఇల్లు దక్కుతుందో తెలీక మావయ్య వైపు చూశాను. ఆయన కూడా చుట్టమే కాబట్టి తలొంచుకున్నాడు.

"గోడలకు మేకులు కొడతారా?"

"లేదండి. క్యాలెండరుకు ఒక్కటి..."

"క్యాలెండరు ఫోన్లో ఉంటుంది కదా" అని తేల్చేసి, "నల్లా రోజు విడిచి రోజు వస్తుంది. పొద్దున్నే లేచి ఉండాలి" అన్నారు.

నల్లా అంటే ఎవరో మనిషి అనుకున్నాను. "ఆయనకు నెలకేమైనా ఇవ్వాలా అండీ?" అని వినయంగా అడిగాను. మావయ్య మోచేత్తో పొడిచి "కుళాయిరా" అన్నాడు.

అద్దె పదహారు వేలు, రెండు నెలల అడ్వాన్సు. ఖాళీ చెయ్యాలంటే రెండు నెలల ముందు చెప్పాలి. ఆ మాట ఆయన మూడుసార్లు చెప్పారు. ఖాళీ ఎందుకు చేస్తాం, ఆఫీసు పక్కనే కదా అని నేను మూడుసార్లూ నవ్వాను.

చేరే రోజు. తొమ్మిదిన్నరకల్లా సీట్లో ఉండాలి. దగ్గరే కదా అని తొమ్మిదింటికి కింద ఆటో ఆపి గచ్చిబౌలి అన్నాను. డ్రైవరు నన్ను ఎగాదిగా చూసి, "అన్నా, టిఫిన్ చేసినవా?" అన్నాడు. ఎంత మర్యాదస్తులో అనుకుని ఎక్కాను. ఖైరతాబాద్ దగ్గర ఆకలేసింది. బంజారాహిల్స్‌లో ఆయన అడిగిందేమిటో అర్థమైంది. గచ్చిబౌలి చేరేసరికి పదకొండు.

"మొదటి రోజే లేటా సార్? నల్లగండ్ల నుంచి మరీ ఇంతసేపా?" అంది ఆ అమ్మాయి.

"నల్లకుంటమ్మా."

ఆ అమ్మాయి మాట్లాడకుండా ఫోన్లో మ్యాపు తీసింది. నల్లగండ్ల కనబడితే నల్లకుంట కనబడదు. నల్లకుంట కనబడితే నల్లగండ్ల కనబడదు. రెండూ ఒకేసారి రావాలని వేళ్లతో మ్యాపును చిన్నది చేస్తూ పోతే, మధ్యలో హుస్సేన్ సాగర్ కూడా వచ్చి కూర్చుంది. ఆ చివర అసలు లింగంపల్లి, దాని రైల్వే స్టేషన్, ఆ పక్కన హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ. ఇదొకటి ఉన్నట్టు మావయ్యకు తెలీదా అంటే తెలుసు, 1974 నుంచీ ఉంది. కాకపోతే అమీర్‌పేట అవతల కదా, లెక్కలోకి రాలేదు.

ఇక రోజూ ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో మెట్రో ఎక్కి, పరేడ్ గ్రౌండ్ దగ్గర మారి, రాయదుర్గంలో దిగి, అక్కణ్ణుంచి షేర్ ఆటో. అమీర్‌పేటలో ఎక్కే జనం సంగతి చెప్పాలి. ఒకరోజు నా క్యారేజీ సంచి ఎవరో పెద్దాయన బ్యాగుకు తగులుకుంది. మధురానగర్‌లో ఆయన దిగిపోతుంటే గానీ చూసుకోలేదు. గోంగూర పప్పు ఆయనతో వెళ్లిపోయింది. తిన్నారో లేదో.

మా ఆవిడకు మాత్రం ఇల్లు తెగ నచ్చేసింది. శంకర మఠం దగ్గర, కూరగాయల మార్కెట్ దగ్గర, మావయ్య ఇల్లు దగ్గర. "నాకేం ఇబ్బందిగా లేదే" అంటుంది, నేను రాత్రి తొమ్మిదింటికి బూట్లు విప్పుకుంటుంటే.

పదకొండో రోజున ఓనరుగారికి ఖాళీ చేస్తున్నామని చెప్పాను. ఆయన వేళ్లు మడిచి, "ఉన్నది పదకొండు, ఉండాల్సింది అరవై" అని చెప్పి లోపలికి వెళ్లిపోయారు.

ఈసారి చెవులను నమ్మదల్చుకోలేదు. 'నల్లగండ్ల' అని తెలుగులో, పెద్దక్షరాలతో టైపు చేసి మావయ్యకు వాట్సాప్‌లో పంపాను. నిన్న సాయంత్రం మెట్రోలో, ఒంటికాలి మీద నిలబడి ఉండగా ఆయన ఫోను.

"కళ్లజోడు రిపేరుకిచ్చాన్రా, అయినా కూడబలుక్కుని చదివాలే. అదృష్టమంటే నీదే. మా తోడల్లుడి ఇల్లే ఖాళీగా ఉంది. మూడు గదులు, పెరట్లో బావి, అద్దె సగానికి సగం. చేజారిపోతుందని నేనే అడ్వాన్సు కట్టేశాను."

"నల్లగండ్లలోనే కదా మావయ్యా?"

"ఆఁ, అదేరా. నల్లగొండ."