మహారాజశ్రీ సాంచా గారికి, సిరిసిల్ల నుంచి

మహారాజశ్రీ మరమగ్గం గారికి,

నమస్కారం. ఉభయకుశలోపరి.

పుస్తకాల్లో మిమ్మల్ని మరమగ్గం అని రాస్తారు గానీ మా బీవై నగర్‌లో ఎవరూ అలా పిలవరు. సాంచా అంటాం. మీ చప్పుడుకు అలవాటు పడ్డ వాడకట్టు మాది. మీరు నడుస్తుంటే పిల్లలు హాయిగా నిద్రపోయేవారు, కరెంటు పోయి మీరు ఆగితే ఉలిక్కిపడి లేచేవారు. ఈ మధ్య ఆ నిద్రాభంగాలు ఎక్కువయ్యాయి. అందుకే ఈ ఉత్తరం.

మీరు సామాను సర్దుకుంటున్నారని తెలిసింది. ఆపడానికి రాయడం లేదు. మిమ్మల్ని ఆపగలిగిన ఊరు ఇంతవరకు లేదు. మీ ప్రయాణాల చరిత్ర కాస్త చదివాను. నిజం చెప్పాలంటే కోపం తగ్గి గౌరవం పెరిగింది. 1785లో ఎడ్మండ్ కార్ట్‌రైట్ మీకు పేటెంటు తీసుకున్నాడు. ఆయన వృత్తి చర్చిలో ప్రార్థనలు చేయించడం, నేత పని తెలియదు. నేత తెలియని పెద్దమనుషులే నేతగాళ్ల భవిష్యత్తు నిర్ణయించే ఆచారం అంత పాతదన్నమాట. 1826లో లాంకషైర్ చేనేత కార్మికులు ఆకలికి తాళలేక మిల్లుల మీద పడి మిమ్మల్ని వెయ్యికి పైగా ముక్కలు చేశారు. సైన్యం వచ్చి మిమ్మల్ని కాపాడింది. ప్రభుత్వాలు ఎవరి పక్షమో మీకు ఆ రోజే తెలిసిపోయి ఉంటుంది, మాకు కొంచెం ఆలస్యంగా తెలిసింది.

ఆ లాంకషైర్ కూడా మీకు శాశ్వతం కాలేదు. 1931లో గాంధీగారు అక్కడి డార్వెన్‌కు వెళ్లినప్పటికే బోలెడు మిల్లులు మూతపడి ఉన్నాయి. విదేశీ గుడ్డ కొనొద్దన్న ఆ మనిషి చుట్టూ మిల్లు ఆడవాళ్లు చేరి నవ్వుతూ ఫోటో దిగారు. వాళ్ల పని పోవడంలో ఆయనకూ కొంత భాగం ఉంది, అయినా ఆయన్ను తిట్టలేదు. మీ వంక ఎలా చూసి ఉంటారో ఫోటోలో పడలేదు.

బొంబాయిలో మీ వైభవం మాకు బాగా తెలుసు. 1854లో కావస్‌జీ దావర్ అక్కడ తొలి మిల్లు కంపెనీ పెట్టాక, పరేల్, వర్లీ చుట్టూ మిల్లుల ఊరే లేచింది, గిరణ్‌గావ్. కరీంనగర్, వరంగల్, నల్లగొండ నుంచి పద్మశాలీలు మిమ్మల్ని వెతుక్కుంటూ అక్కడికి పోయారు. అంతకుముందే బొంబాయిని కట్టడానికి పోయిన తెలుగు కూలీలు, కామాఠీలు, ఓ పేటకు తమ పేరిచ్చారు. కామాఠీపుర. ఆ పేరు తర్వాత దేనికి వాడుకలో పడిందో మీకు చెప్పక్కర్లేదు.

1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో దాదాపు రెండున్నర లక్షల మంది సమ్మెకు దిగారు. ఆ సమ్మెను ఎవరూ విరమించలేదు, కాబట్టి లెక్కప్రకారం అది ఇంకా సాగుతున్నట్టే. కార్మికులు ఎదురుచూశారు. మీరు చూడలేదు. నగరం దాటితే భీవండి ఉంది కదా! మిల్లు వద్దనుకున్న పాత మగ్గాలు అక్కడి షెడ్లలోకి, మాలేగావ్ షెడ్లలోకి చేరాయి. గుడ్డ ఆగలేదు, మనుషులే ఆగిపోయారు.

మిల్లులో మీకు ఎన్ని కష్టాలు ఉండేవో పాపం. పీఎఫ్, ఈఎస్‌ఐ, బోనస్, గ్రాట్యుటీ, క్యాంటీను, పైన యూనియను. భీవండి షెడ్డులో ఇవేవీ లేవు. పన్నెండు గంటల పని, మీటరు లెక్కన కూలి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం, కరెంటుతో పని జరిగే చోట 10 మంది ఉంటేనే వర్తించేది. అందుకని గోడకు ఇటు తొమ్మిది మంది, అటు తొమ్మిది మంది. ఇటు షెడ్డు భార్య పేరు మీద, అటు షెడ్డు బావమరిది పేరు మీద. చట్టాన్ని ఇంత శ్రద్ధగా చదివినవాళ్లు వకీళ్లలో కూడా ఉండరు. 2020లో పార్లమెంటు చేసిన కొత్త కోడ్ ఆ పదిని ఇరవై చేసింది. బావమరుదులను వెతుక్కునే శ్రమ తగ్గిద్దామని కాబోలు.

లోయర్ పరేల్‌లో మీరు నిలబడ్డ ఫీనిక్స్ మిల్లు ఇప్పుడు పెద్ద మాల్. అక్కడ చొక్కాలు అమ్ముతారు. ఏ దేశంలో కుట్టారో మెడ దగ్గర పట్టీ మీద చూసుకోవాలి.

ఇక మా ఊరి సంగతి. మాకోసం మీరు వచ్చారని గొప్పలు పోయాం గానీ, మేం చవగ్గా దొరుకుతామని వచ్చారు. మీరు గడప తొక్కిన రోజున కొబ్బరికాయ కొట్టాం, పసుపు కుంకుమ పెట్టాం. ఇళ్లలో గుంటమగ్గాలు పీకేసి, ఆ గుంటలు పూడ్చి, వాటి మీదే మిమ్మల్ని నిలబెట్టాం. 1985లో 22 రకాల బట్టలు చేనేతకే అని చట్టం వచ్చింది, తర్వాత ఆ జాబితా 11కి కుదించుకుపోయింది. మీరు ఆ రెండు జాబితాలనూ చూసినట్టు లేదు, చూసినా నేయడం ఆపలేదు. గిరణ్‌గావ్‌లో ఎన్ని ఇళ్లలో పొయ్యి వెలగడం లేదో మేం అడగలేదు. బొంబాయి మిల్లు కూలి మేం అడగమని నోటితో చెప్పలేదు గానీ, మా ముఖాలు చూస్తే మీకు తెలిసిపోయి ఉంటుంది. ఒక్కో మనిషి ఎనిమిదేసి సాంచాలు నడిపాడు. సేటు నూలిచ్చాడు, సాంచాలున్న ఆసామి పడుగు చుట్టిన బీములు తెచ్చుకున్నాడు, ఆడవాళ్లు కండెలు చుట్టారు. ఆకలి తీరింది. ఆ మాట కాదంటే కళ్లు పోతాయి. అప్పులపాలై ప్రాణాలు తీసుకున్నవాళ్ల వార్తలు కూడా ఈ ఊరి పేరుతోనే వచ్చాయి, అది కూడా దాచను.

ఇప్పుడు రాష్ట్రాలన్నీ మీవాళ్లను చూసే చూపు కొత్త అల్లుణ్ని చూసే చూపు. భూమి కట్నం. రోడ్డు, నీళ్లు లాంఛనాలు. కరెంటులో రాయితీ, పన్నులో వాపసు, వడ్డీలో వాటా. ఎక్కడైనా మర్యాద తగ్గి అలిగితే పక్క రాష్ట్రంలో ఇంకో అత్తగారు పీట వేసి సిద్ధం. 2021లో తనిఖీల గొడవతో కేరళలో అలిగిన కైటెక్స్ బట్టల కంపెనీ అధిపతిని తీసుకురావడానికి తెలంగాణ ప్రభుత్వం ప్రత్యేక విమానం పంపింది. కేరళలో 3,500 కోట్ల ప్రాజెక్టు ఆగింది, మనకు 1,000 కోట్ల హామీ వచ్చింది. పేపర్లో చదివి మేమూ సంబరపడ్డాం. పసిపిల్లల బట్టలు కుట్టే ఉద్యోగం తమ ఊళ్లో వస్తుందని చూసిన మలయాళీ అమ్మాయిలు ఆ రోజు ఏ పేపరు చదివారో.

ఆ కంపెనీ వచ్చింది వరంగల్ పక్కన కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు. 2017లో శంకుస్థాపన చేసినప్పుడు, సూరత్, భీవండి, షోలాపూర్ పోయినవాళ్లంతా ఇక తిరిగొస్తారని సభలో చెప్పారు. అదే వరంగల్‌లో 1934లో నిజాం కాలంలో పెట్టిన ఆజంజాహి మిల్లు ఉండేది. దాన్ని మూసి, స్థలాన్ని ప్లాట్లు చేశారు. ఉన్న మిల్లు పోగొట్టుకుని, రాబోయే మిల్లుకు స్వాగత తోరణం కట్టడంలో మాకు మేమే సాటి.

మీరు కదిలితే విమానం. మేం కదిలితే రాత్రి భీవండి బస్సు, వెనక సీటు, కాళ్ల దగ్గర బియ్యం మూట. మీకు అనుమతులన్నీ ఒకే కిటికీ దగ్గర దొరుకుతాయి. మావాళ్లకు అక్కడ గది అద్దెకు దొరకాలన్నా ఊరివాడు ఒకడు హామీ ఉండాలి. పైగా మీ వెనకే వచ్చినా మమ్మల్నే తీసుకుంటారన్న నమ్మకం లేదు. సూరత్‌లో సాంచాల మీద నిలబడుతున్నది ఎక్కువగా గుజరాతీలు కాదు, మన ఇచ్ఛాపురం దాటితే వచ్చే గంజాం జిల్లా ఒడియావాళ్లు. ఊరు మారడమే కాదు, మనిషిని కూడా ఇంకా చవకైన ఊరి నుంచి తెప్పించుకోవడం మీ దగ్గరే నేర్చుకోవాలి.

విదేశాల్లో మీ చుట్టాలదీ ఇదే వరస. అమెరికాలో ఉత్తరాన న్యూ ఇంగ్లండ్ మిల్లులు దక్షిణాన కరొలైనాలకు దిగాయి, అక్కడి నుంచి సముద్రాలు దాటాయి. 2003 జూలై 30న పిలోటెక్స్ అనే బట్టల కంపెనీ మూతపడితే నార్త్ కరొలైనాలోనే దాదాపు 4,800 మంది ఒక్కరోజులో రోడ్డున పడ్డారు. ఆ మిల్లు ఊరు కనాపొలిస్, షార్లెట్ పక్కనే. షార్లెట్‌లో మన సాఫ్ట్‌వేర్ పిల్లలు చాలామందే ఉన్నారు. వాళ్లకు ఈ కథ విడమరిచి చెప్పక్కర్లేదు, హైదరాబాద్‌కు ఆ పనులు వచ్చిందే చవగ్గా చేసిపెడతామని. ఇథియోపియాలో 2016లో హవాసా పారిశ్రామిక పార్కు తెరిచి, కుట్టుపని అమ్మాయిలకు నెలకు 26 డాలర్ల మూల జీతంతో ప్రపంచాన్ని పిలిచారు. ఇంతకంటే చవక ఎక్కడుంటుందని అందరూ వచ్చారు. దేశంలో యుద్ధం వచ్చింది, 2022 జనవరిలో అమెరికా తన సుంకం మినహాయింపు తీసేసింది, పెద్ద బ్రాండు అంతకుముందే పెట్టె సర్దుకుని పోయింది. చవగ్గా ఉంటే సరిపోదట, ప్రశాంతంగా కూడా చవగ్గా ఉండాలట.

మా దగ్గర ప్రస్తుతం ఏం జరుగుతోందో మీకు తెలిసే ఉంటుంది. 2017 నుంచి బతుకమ్మ చీరలంటూ ప్రభుత్వం పని ఇచ్చింది. మొదటి ఏడాది చాలా చీరలు సూరత్ నుంచే తెప్పించారు, నాణ్యత బాగాలేదని ఆడవాళ్లు కొన్నిచోట్ల తగలబెట్టారు కూడా. తర్వాత ఏటా దాదాపు కోటి చీరలు మా చేతికి వచ్చాయి. ప్రభుత్వం మారింది, ఆ పథకం ఆగింది, మహిళా సంఘాల చీరల పేరుతో వేరే ఆర్డర్లు వచ్చాయి. ఎలక్షన్ ఫలితాలు వచ్చిన రోజు సాంచాకు పని ఉంటుందా లేదా అని టీవీ ముందు టెన్షన్‌గా కూర్చునే ఊరు దేశంలో ఇంకెక్కడైనా ఉందేమో కనుక్కోండి. సర్కారు చీర లేనప్పుడు మాకు మిగిలేది బజారు. బజారులో సూరత్ ఉంది. నూలు వాళ్ల పక్కన, రంగులద్దే మిల్లులు వాళ్ల పక్కన, వ్యాపారి వాళ్ల పక్కన. మాకు నూలు అంత దూరం నుంచి రావాలి, గుడ్డ మళ్లీ అంత దూరం పోవాలి. వాళ్లు నాడె లేకుండా గాలితో నేసే మగ్గాలు దించారు. మా దగ్గర ఉన్నది మీరే, బొంబాయి వద్దన్న కాలం నాటి మీరు.

అందుకే ఇప్పుడు మా ఊళ్లో మిమ్మల్ని కిలోల లెక్కన తుక్కుకు అమ్ముతున్నారు. బాధపడకండి, మీకు రేటు బాగానే ఉంది. పైగా లెక్కల పుస్తకంలో ఏటా మీకు తరుగుదల రాసుకుని పన్ను కూడా తగ్గించుకున్నారు. మా మేనమామ మీ పక్కన ముప్పై ఏళ్లు నిలబడ్డాడు. ఇప్పుడు గట్టిగా అరిస్తే గానీ వినపడదు, మోకాళ్లు పనిచేయవు. ఆయన తరుగుదల ఏ పుస్తకంలోనూ లేదు. తుక్కు కొట్టువాడు ఆయన్ను తూకం వేయనన్నాడు.

మీ కొత్త ఊరు ఎక్కడో నాకు తెలియదు. ఎక్కడైనా సరే, అక్కడి కలెక్టరు ఈపాటికి ఎకరాలు కొలిపిస్తూ ఉంటాడు, అక్కడి కుర్రాళ్లు కొబ్బరికాయలు కొంటూ ఉంటారు. సిరిసిల్లలో ఏం జరిగిందని వాళ్లు అడగరు. ఒకవేళ ఎవడైనా అడిగితే, అక్కడివాళ్లకు పని చేతకాలేదని, కూలి ఎక్కువ అడిగారని చెప్పండి. బొంబాయి గురించి మాకు అలాగే చెప్పారు, మేం నమ్మాం.

ఇట్లు,
మీ దగ్గర బతికిన ఒక ఆసామి కొడుకు

తా.క.: మా సహకార విద్యుత్ సంఘం, సెస్ వాళ్ల కరెంటు బిల్లు వచ్చింది. మీరు తిరగకపోయినా ఫిక్స్‌డ్ ఛార్జీ పడుతుందట. మీటరు మా పేరు మీదే ఉంది కాబట్టి మీరు నిశ్చింతగా బయలుదేరవచ్చు.