తొందరేం లేదు గానీ, ఆర్గాన్ గారూ...

జర్మనీలో హాల్బర్‌స్టాడ్ట్ ఊరు, సెయింట్ బుర్‌కార్డీ చర్చిలో కాపురముంటున్న, గొట్టాల్లోంచి గాలి ఊదితే మోగే వాయిద్యం ఆర్గాన్ గారికి నమస్కారం.

1361లో అదే ఊరి పెద్ద చర్చి కథీడ్రల్‌లో నికొలాస్ ఫాబర్ నిలబెట్టిన ఆర్గాన్ మీ వంశంలో పెద్దాయన. ఆయన గొంతు లేవాలంటే ఇరవై తిత్తులు, వాటిని తొక్కడానికి పదిమంది మనుషులు కావాల్సి వచ్చేదట. మీకా బాధ లేదు. గాలి ఊదడానికి కరెంటు మోటారు ఉంది. మీటలకు వేలాడే చిన్న ఇసుక సంచులే వాయిద్యం కానిచ్చేస్తాయి. విద్వాంసుడికి భోజనం పెట్టే పని కూడా లేదు.

అమెరికా సంగీతకర్త జాన్ కేజ్ 1987లో మీరు వాయించే కృతి రాసి, వీలైనంత నెమ్మదిగా వాయించమన్నాడు. ఎంత నెమ్మదిగానో చెప్పకుండానే 1992లో పోయాడు. పెద్దలు కూర్చుని లెక్క తేల్చారు: మీ పెద్దాయన పుట్టిన 1361 నుంచి 2000 దాకా 639 ఏళ్లు, కాబట్టి కచేరీ కూడా 639 ఏళ్లే!

కేజ్ పుట్టినరోజు చూసుకుని 2001 సెప్టెంబరు 5న మొదలెట్టారు. కృతి మొదట్లోనే విరామం ఉంది. అది పదిహేడు నెలలు సాగింది. జనం వచ్చి, గాలి చప్పుడు విని, తలలూపి వెళ్లారు. 2003 ఫిబ్రవరి 5న మీరు నోరు విప్పారు, ఇక మూస్తే ఒట్టు. ఇరుగుపొరుగు నిద్ర పట్టక మొత్తుకుంటే మీ చుట్టూ అద్దాల్లాంటి పలకలతో పెట్టె కట్టాల్సి వచ్చింది. 2013 అక్టోబరులో పట్టుకున్న స్వరాలు 2020 సెప్టెంబరు 5 దాకా వదల్లేదు. ఆ రోజు కొత్త గొట్టాలు బిగిస్తుంటే, కరోనా మాస్కుల చాటునుంచి జనం పరవశించిపోయారు.

గోడల వెంట కచేరీలోని ఒక్కో ఏడాదికీ ఒక లోహపు పలక, దాని మీద చందా కట్టినవారి పేరు. మా గుళ్లో ట్యూబ్‌లైటు మీద వెలుతురు కనబడనంత పెద్దగా దాత పేరు రాయిస్తారు గానీ, లైటు అప్పటికే వెలుగుతుంటుంది. మీ దగ్గర ఇంకా పుట్టని మోతకు కూడా రసీదు ముందే.

ధాన్యపు కొట్టంగా, సారా బట్టీగా, పందుల దొడ్డిగా బతికిన చర్చి అది. పందులు మాత్రం పూటకోసారైనా స్వరం మార్చి ఉంటాయి.

ఒక్కటే విన్నపం. 2640లో ముగించాక జనం వన్స్ మోర్ అంటే, దయచేసి ఒప్పుకోకండి.