చచ్చాక వచ్చిన బిషప్ పదవి

అలెగ్జాండ్రియాకు చెందిన యూదు తత్త్వవేత్త ఫిలో క్రీ.శ. 50 ప్రాంతంలో కన్నుమూశాడు. ఆయన పదోన్నతులన్నీ ఆ తర్వాతే మొదలయ్యాయి. క్రీస్తు గురించి ఒక్క ముక్కైనా రాయని ఆ చిన్న లోపాన్ని క్రైస్తవ పండితులు పెద్ద మనసుతో సవరించారు.

ఫైలు కదిపింది పాలస్తీనాలోని కైసరయ బిషప్ యూసేబియస్, 4వ శతాబ్దం మొదట్లో. మరియోటిస్ సరస్సు దగ్గర ఆస్తులు వదిలేసి, విడివిడి గదుల్లో ఉంటూ, పొద్దుగూకాక రొట్టె, ఉప్పు తినే థెరప్యూటే అనే భక్తుల గురించి ఫిలో రాశాడు. ఉపవాసం ఉంది, కీర్తనలున్నాయి, ఆడా మగా మధ్య అడ్డుగోడ కూడా ఉంది. ఇంకేం కావాలి? వీళ్లు సువార్త రాసిన మార్కు కాలపు తొలి క్రైస్తవులేనని యూసేబియస్ తేల్చేశాడు. వాళ్లు చదివేది మోషే ధర్మశాస్త్రం, పాటించేది యూదుల విశ్రాంతి దినమైన ఏడో రోజు అన్న సంగతి ఆయన నిద్ర చెడగొట్టలేదు. మరి ఫిలో వాళ్లను క్రైస్తవులని ఎందుకు అనలేదంటారా? ఆ పేరు అప్పటికింకా అంతటా పాకలేదట! పైగా రోములో ఫిలో క్రీస్తు శిష్యుడు పేతురును కలిశాడని కూడా చెప్పుకుంటారట. ఎవరు చెప్పుకుంటారో అడగడం మర్యాద కాదు.

బైబిలును లాటిన్‌లోకి అనువదించిన పండితుడు జెరోమ్ 392-93లో కూర్చిన క్రైస్తవ రచయితల జాబితాలో ఫిలోది 11వ స్థానం. పక్కనే 12లో రోమన్ తత్త్వవేత్త సెనెకా, 13లో యూదు చరిత్రకారుడు జోసీఫస్. ఆ వరుసలో క్రైస్తవుడు కావడం తప్పనిసరి అర్హత కాదన్నమాట.

మిలాను బిషప్ ఆంబ్రోస్‌ది సొమ్మొకడిది సోకొకడిది పద్ధతి. ఫిలో నుంచి వందల చోట్ల ఎత్తుకుని, పేరు మాత్రం ఒక్కసారే చెప్పాడు. అది కూడా, యూదుడు కాబట్టి నీతి వరకే అందింది, ఆధ్యాత్మికార్థం అందలేదని ఎత్తిపొడవడానికి.

ఇక తూర్పు రోమన్ సామ్రాజ్యమైన బైజాంటియంలో బైబిలు వాక్యాలకు పాత వ్యాఖ్యాతల మాటల్ని మాలగా గుచ్చే లేఖకులు కొన్నిచోట్ల ఏకంగా "బిషప్ ఫిలో" అని రాసిపడేశారు. సైప్రస్‌లో కర్పాసియా బిషప్ ఫిలో అని మరొకాయన నిజంగానే ఉండేవాడు. మార్జినులో రెండు మాటలు పట్టే చోట ఇద్దరు ఫిలోలను విడదీసే ఓపిక ఎవరికుంటుంది?

9వ శతాబ్దంలో బైజాంటియం మతపెద్ద ఫోటియస్ అయితే ఫిలో క్రైస్తవుడై, తర్వాత ఏదో బాధతో, కోపంతో వెళ్లిపోయాడట అని రాశాడు. చేరిన దాఖలా లేని ఉద్యోగానికి రాజీనామా మాత్రం దొరికింది.

నవ్వుకోవచ్చు కానీ, ఈ దొంగ సభ్యత్వమే ఫిలో పుస్తకాలను కాపాడింది. 370లలో కైసరయ బిషప్ యూజోయస్ శిథిలమవుతున్న పపైరస్ ప్రతులను తోలుకాగితం మీదికి ఎక్కించాడు. ఫిలో రాసిన "ఆదికాండం ప్రశ్నలు" చాలామటుకు ఆర్మేనియన్ అనువాదంలోనే మిగిలింది. సొంతవాళ్లయిన యూదులు మాత్రం ఆయన్ని శతాబ్దాలపాటు మరిచారు. 1570లలో ఇటలీ యూదు పండితుడు అజారియా దెయ్ రోస్సీ ఆయనకు యెదిద్యా అని హీబ్రూ పేరు పెట్టి మళ్లీ పరిచయం చేశాడు, క్రైస్తవులు అచ్చువేసిన లాటిన్ అనువాదం చదివి.