దూరిందంటే సరిపోయినట్టే

బండి రిపేర్లలో ఈమధ్య ఒక దురలవాటు ప్రబలుతోంది. ఊడిపోయిన బోల్టు స్థానంలో ఇంకోటి వేయాల్సి వస్తే కొందరు దాన్ని కొలుస్తున్నారు! వెర్నియర్ అనే సన్నకొలతల పరికరం బయటికి తీస్తారు, వెలుతురులోకి జరుగుతారు, పాయింటు తర్వాత అంకెల గురించి గొణుక్కుంటారు. బోల్టు వేస్తున్నారో బంగారం తూస్తున్నారో చూసేవాళ్లకు అర్థం కాదు. పాత బోల్టుల డబ్బాను నేలమీద బోర్లించి, వేళ్లతో కెలికి, దాదాపు అలాగే ఉన్నదాన్ని ఏరి తీసే మన ప్రాచీన విద్య ఏమైపోవాలి? దాని తరఫున మాట్లాడేవాడు లేడు కాబట్టి ఆ భారం నేను నెత్తికెత్తుకుంటున్నాను.

ముందు వాళ్ల వాదన వినాలి, అది ధర్మం. ఎం8 అనే సైజు బోల్టుకు థ్రెడ్ (బోల్టు చుట్టూ తిరిగే మెలిక గాడి) బయటి వ్యాసం 8 మిల్లీమీటర్లట. నిజానికి కొలిస్తే 7.8, 7.9 అలా వస్తుంది. దాన్ని 8 కిందే లెక్కేసుకోవాలట. చూశారా, వాళ్లకూ ‘దాదాపు’ లేనిదే పని జరగదు! కానీ మనం ‘దాదాపు’ అంటే మాత్రం ఒప్పుకోరు. వెంటనే పిచ్ అంటూ మొదలుపెడతారు. ఒక థ్రెడ్ కొన నుంచి పక్క థ్రెడ్ కొనకు ఉండే దూరం అన్నమాట. ఎం8లో మామూలు థ్రెడ్‌కు అది 1.25, సన్న థ్రెడ్‌కు 1 మిల్లీమీటరు. ఎం10కి 1.5, 1.25, 1, మూడూ బళ్లలో తగులుతుంటాయి. పది థ్రెడ్ల దూరం కొలిచి పదితో భాగించండి, 12.5 వస్తే ఫలానా, 10 వస్తే ఫలానా అని పాఠం చెబుతారు. లెక్కలంటే టెన్షన్ వచ్చేవాళ్లకు ఇంకో దారి కూడా చూపిస్తారు. పాత బోల్టునూ కొత్తదాన్నీ పక్కపక్కన ఆనించి, ఒకదాని థ్రెడ్లు ఇంకోదాని సందుల్లో కూర్చోబెట్టి వెలుతురుకు ఎత్తి పట్టుకోవాలట. మధ్యలోంచి వెలుగు కనిపించకపోతే పిచ్ ఒకటేనట. పావు మిల్లీమీటరు తేడాకు ఇంత తతంగం.

మన విద్యలో బోల్టు సైజు పానా చెబుతుంది. పన్నెండో నంబరు పానా పట్టిందా, అది పన్నెండు బోల్టు. ఇంతకన్నా సూటిగా ఉండే పద్ధతి ఏముంది? కొలతరాయుళ్లు దీనికీ అడ్డొస్తారు. పానా సైజు తలదట, బోల్టుది కాదట. జపాన్ పద్ధతి బళ్లలో ఎం8కి 12 తల ఎక్కువ, మిగతాచోట్ల 13. ఎం10 అయితే జపాన్ వాళ్ల తల 14, ఐఎస్ఓ అనే అంతర్జాతీయ ప్రమాణం తల 16, పాత జర్మన్ ప్రమాణం తల 17. ఒకే మొండేనికి మూడు రకాల తలకాయలు పెట్టి, తప్పు మనదంటారు. పన్నెండు కావాలని అడిగినవాడి చేతిలో ఎం12 పెడితే, అది కన్నం దగ్గరికి కూడా రాకపోతే, దానికి పానా బాధ్యత వహించాలా?

ఇక అంగుళాల సంగతి. 5/16 అంగుళం బోల్టు వ్యాసం 7.94 మిల్లీమీటర్లు. ఎం8 కన్నంలో పెడితే రెండు మూడు చుట్లు పెళ్లికొడుకులా దర్జాగా లోపలికి వెళుతుంది. ఆ తర్వాత ఆగుతుంది. కొలతరాయుడు అక్కడ కంగారుపడి బయటికి తీసేస్తాడు, దాని మామూలు థ్రెడ్ అంగుళానికి 18, అంటే పిచ్ 1.41, ఇది 1.25 కాదు అంటాడు. మనవాడు మాత్రం ‘ఆహా, ఎంత గట్టిగా పట్టింది!’ అని మురిసిపోయి, పానాకు పొడుగాటి పైపు తొడిగి లాగుతాడు. ఇంజన్ కేసు అల్యూమినియందైతే బోల్టు దారి తానే కోసుకుంటుంది. స్వయంకృషి అంటే అదే. మళ్లీ విప్పినప్పుడు పాత థ్రెడ్లు స్ప్రింగులా చుట్టుకుని బయటికి వస్తాయి, వాటిని బోనస్‌గా భావించాలి.

ఈ కష్టాలకు మూలపురుషుడు ఎవరో కూడా చెప్పాలి. పూర్వం ప్రతి వర్క్‌షాపుకూ సొంత థ్రెడ్ ఉండేది. ఎవరి బోల్టు వాళ్లది, ఎవరి అహంకారం వాళ్లది. 1841లో జోసెఫ్ విట్‌వర్త్ అనే ఇంగ్లిష్ ఇంజనీరు అందరికీ ఒకటే థ్రెడ్ ఉండాలని, దాని గాడి రెండు పక్కల మధ్య కోణం 55 డిగ్రీలని ప్రతిపాదించాడు. 1864లో అమెరికాలో విలియం సెల్లర్స్ వచ్చి 60 అన్నాడు. ఇప్పటి మెట్రిక్ (మిల్లీమీటర్ల) థ్రెడ్‌కూ 60 డిగ్రీలే. వాళ్లు కూలదోసిన ఆ స్వర్ణయుగాన్ని మన తుప్పు డబ్బాలు ఒక్కటే నేటికీ కాపాడుతున్నాయి.

బోల్టు తలమీద అంకెలు చూశారా? 8.8 అని ఉంటే మొదటి 8 వల్ల తెగే బలం సుమారు 800 మెగాపాస్కల్స్ (బలాన్ని కొలిచే ప్రమాణం), రెండో 8 వల్ల అందులో 80 శాతం దగ్గర శాశ్వతంగా సాగడం మొదలవుతుందని అర్థం. 10.9 అయితే 1000, 90 శాతం. ఇవన్నీ చదివే ఓపిక మనకెక్కడిది? తళతళలాడే స్టెయిన్‌లెస్ బోల్టు ఉండగా! ఎ2-70 అని రాసుండే రకం బలం 700, అంటే 8.8 కన్నా తక్కువేనని వాళ్లు గుర్తుచేస్తారు. బ్రేక్ కాలిపర్‌కు, అంటే డిస్కును నొక్కి పట్టి బండిని ఆపే భాగానికి, అది వేయకండని బతిమాలుతారు. తుప్పు పట్టదు కదా, అంటాం మనం. విరిగి రోడ్డుమీద పడ్డా మెరుస్తూ ఇట్టే దొరుకుతుంది.

పొడవు గురించి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే మన విద్యలో పొడవు అనేదే లేదు. మామూలు బోల్టును తల కింద నుంచి కొలవాలట, తల లోపలికి దిగిపోయే కౌంటర్‌సంక్ రకానికి మాత్రం తలతో కలిపి. అవతలివైపు మూసుకున్న కన్నంలో పొడుగుది వేస్తే అడుగుకు తగిలి బిగుసుకుంటుంది, బిగించాల్సిన భాగం మాత్రం ఊగుతూనే ఉంటుంది. మన పరిష్కారం: నాలుగు వాషర్లు. పొట్టిదైతే రెండు థ్రెడ్లకే వేలాడుతుంది. మన పరిష్కారం: దాని గురించి మాట్లాడకపోవడం.

కొలతరాయుళ్ల ఆఖరి మాట వింటే నవ్వొస్తుంది. సరైన బోల్టు వేళ్లతోనే సాఫీగా చాలావరకు తిరిగిపోవాలట, పానా చివర్లో బిగించడానికేనట. అంటే మన కండలకు ఇక పనిలేదన్నమాట! పైగా అనుమానం వస్తే పార్టు నంబరు చూసి తెప్పించుకోవాలట.

ఈ ఒక్క విషయంలో మన విద్యలోనూ చిన్న మినహాయింపు ఉంది. బ్రేకులు, స్టీరింగు, చక్రాలు, అదీ సొంత బండివైతే, మన పెద్దలు కూడా చడీచప్పుడు లేకుండా పార్టు నంబరు చెప్పి అసలు బోల్టే తెప్పించుకుంటారు. డబ్బా ఎప్పుడూ పక్కవాళ్ల బండికే.