చట్టం తెరిచిన తలుపు మూసి ఉంచవద్దు

గంజాయి పొట్లంతో దొరికిన కుర్రాడికి జైలు తప్ప దారి లేదని పోలీసులూ, కన్నవారూ, కొన్నిసార్లు న్యాయవాదులూ అనుకుంటున్నారు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం మాత్రం అలా అనడం లేదు. గంజాయి సేవించినందుకు ఆరు నెలల వరకు జైలు లేదా రూ.10 వేల వరకు జరిమానా లేదా రెండూ విధించవచ్చని 27వ సెక్షన్ చెబుతుండగా, సేవనం లేదా చిన్న పరిమాణానికి సంబంధించిన కేసులో ఉన్న వ్యసనపరుడు ప్రభుత్వ లేదా ప్రభుత్వ గుర్తింపు పొందిన కేంద్రంలో చికిత్సకు తనంతట తాను ముందుకొస్తే అతడిపై ప్రాసిక్యూషన్ ఉండదని 64ఎ సెక్షన్ హామీ ఇస్తోంది. చికిత్స పూర్తి చేయకపోతే ఆ రక్షణ రద్దు కావచ్చు. గంజాయిలో కిలో వరకు చిన్న పరిమాణం కిందే లెక్క.

ఈ హామీ సంగతి స్టేషన్‌లో చెప్పేవారెవరు? బిడ్డ రిమాండుకు వెళ్లే రోజున కోర్టు వరండాలో నిలబడిన తండ్రికి బెయిలు, పూచీకత్తు, ఫీజు అన్న మాటలే వినిపిస్తాయి తప్ప చికిత్స ప్రస్తావన రాదు. ఒకవేళ ఎవరైనా చెప్పినా, గుర్తింపు పొందిన కేంద్రం వంద కిలోమీటర్ల దూరంలో ఉంటే కూలి మానుకుని వారంవారం తీసుకెళ్లడం ఆ తండ్రి తరమా? కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఎయిమ్స్ జరిపిన జాతీయ సర్వే 2019లో వెలువడింది. నిషిద్ధ మాదకద్రవ్యాలపై ఆధారపడినవారిలో 20 మందిలో ఒకరికి, మద్యానికి బానిసైనవారిలో 38 మందిలో ఒకరికి మాత్రమే ఏదో ఒక చికిత్స అందిందని అది తేల్చింది.

వైద్యం ఏర్పాటు చేయకుండా కట్టడి ఒక్కటే చేస్తే ఏమవుతుందో తెలంగాణ 2015లో చూసింది. కల్తీ కల్లుపై దాడులు ముమ్మరమై సరఫరా ఆగగానే, అందులో కలిపే అల్ప్రాజోలం వంటి మత్తుమందులకు అలవాటుపడిన శరీరాలు తట్టుకోలేకపోయాయి. చేతులు వణకడం, నిద్ర పట్టకపోవడం, లేనివి కనిపించడం, తమలో తాము మాట్లాడుకోవడం, ఫిట్స్ రావడం వంటి లక్షణాలతో నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో జనం ఆసుపత్రులకు బారులు తీరారు. ఇదే స్థితిలో ఉన్న మనిషిని రిమాండు గదిలోకి నెడితే రెండో మూడో రోజున అతడి ప్రాణానికే ముప్పు. గంజాయి వ్యసనానికి ప్రత్యేకించి ఆమోదం పొందిన మందు లేదు గనుక కౌన్సెలింగ్, కుటుంబం తోడు, చేయడానికి ఒక పని ఇవే వైద్యంలో ప్రధానం. జైలులో ఈ మూడూ దొరకడం కష్టం. అక్కడ దొరికేది విక్రేతల పరిచయం.

పొరుగున తమిళనాడులో, వ్యసనపరులకు చికిత్స అందించే టీటీకే సంస్థ 1989 నుంచి మంజక్కుడి గ్రామంలో మద్యపాన విముక్తి శిబిరాలు నిర్వహించింది. వైద్య బృందమే ఊరికి వెళ్లి బస చేసింది, స్థానికులు చేయూతనిచ్చారు, కుటుంబాలకూ కౌన్సెలింగ్ జరిగింది. ఊరి మధ్య కోలుకున్న మనిషికి, తిరిగి జారిపోయే ప్రమాదం ఎక్కువగా ఉండే తొలి నెలల్లో పలకరించేవారు ఊళ్లోనే ఉంటారు. మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు, ఆశా కార్యకర్తలు, మహిళా సంఘాలు ఈ పనికి సరిపోని వ్యవస్థలేమీ కావు. నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి సారా వ్యతిరేక ఉద్యమాన్ని నడిపిన మహిళల వారసత్వం మనది.

చికిత్స పేరుతో రోగులను గదుల్లో బంధించి కొట్టే ప్రైవేటు కేంద్రాలను మేము సమర్థించడం లేదు. వాటిపై 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టాన్ని కచ్చితంగా ప్రయోగించాలి. అమ్మేవారి, రవాణా ముఠాల విషయంలో సడలింపు కోరడం లేదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు ముందుగా ప్రతి ఏరియా ఆసుపత్రిని 64ఎ కింద గుర్తింపు పొందిన కేంద్రంగా ప్రకటించాలి. ఆ సెక్షన్ సారాంశాన్ని తెలుగులో ప్రతి స్టేషన్‌లో అంటించాలి. వ్యసనపరులకు న్యాయ సహాయం కోసం జాతీయ న్యాయ సేవాధికార సంస్థ 2015లోనే పథకం రూపొందించింది గనుక, రిమాండుకు ముందే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ న్యాయవాది ఆ కుర్రాడితో, అతడి తల్లిదండ్రులతో మాట్లాడేలా ఉత్తర్వులు ఇవ్వాలి.