గ్రాండ్ ఫైనల్ ఆడని మర్ఫీకి అంత ఘనమైన వీడ్కోలు ఎందుకు?

బాబ్ మర్ఫీ ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్ ఆటగాడు. ఏఎఫ్‌ఎల్ అనే ఆ ఆట లీగ్‌లో, మెల్‌బోర్న్ క్లబ్బు వెస్టర్న్ బుల్‌డాగ్స్ తరఫున 312 మ్యాచ్‌లు ఆడాడు. వాటిలో గ్రాండ్ ఫైనల్, అంటే కప్పు ఎవరిదో తేల్చే ఆఖరి మ్యాచ్, ఒక్కటి కూడా లేదు. ఆ క్లబ్బు 62 ఏళ్ల తర్వాత కప్పు గెలిచిన రోజున, కెప్టెన్ అయ్యుండీ అతను గీత బయటే ఉండిపోయాడు. అయినా 2017 ఆగస్టులో రిటైరవుతుంటే మెల్‌బోర్న్ పడమటి శివార్లు అతన్ని నెత్తిన పెట్టుకున్నాయి. ఆ సీజన్‌లో జట్టు ‘ఫైనల్స్’ అనే నాకౌట్ దశకు కూడా చేరలేదు. డాక్‌లాండ్స్ మైదానంలో హాథోర్న్‌తో ఆడిన ఆఖరి మ్యాచ్ ఓడిపోయింది. జనం మాత్రం కదల్లేదు. తోటి ఆటగాళ్లు మర్ఫీని భుజాల మీద మోసుకెళ్తుంటే నిలబడి చప్పట్లు కొడుతూనే ఉన్నారు.

దీన్ని ఆస్ట్రేలియావాళ్ల ‘ఫుటీ’ (ఈ ఆటకు వాళ్ల ముద్దుపేరు) సెంటిమెంట్ అని తేల్చేసేవాళ్లతో నాకు పేచీ ఉంది. అది సెంటిమెంట్ అయితే గెలిచిన సంవత్సరంలో పొంగి, ఓడిన సంవత్సరంలో చల్లబడేది. ఆ రాత్రి స్టాండ్స్‌లో ఉన్నది సొంతదారులు. తమ మనిషిని తామే సాగనంపుతున్నారు.

మర్ఫీ హాఫ్ బ్యాక్, అంటే వెనక వరుసలో ఆడే డిఫెండర్. ఆస్ట్రేలియన్ రూల్స్‌లో పేపర్లకెక్కేది గోల్స్ కొట్టే ఫార్వర్డ్‌లు. డిఫెండర్ పనితనం చాలావరకు జరగకుండా ఆగిపోయిన గోల్‌లో ఉంటుంది. దానికి స్కోరుబోర్డులో గడి లేదు. వారం వారం మైదానానికి వచ్చి, బంతి అవతలి కొసన ఉన్నప్పుడు కూడా వెనక ఎవరు ఎటు జరుగుతున్నారో కనిపెట్టే ప్రేక్షకుడికే ఆ పని తెలుస్తుంది. డిఫెండర్‌ను తలకెత్తుకున్నారంటే ఆట చూడటం తెలిసిన జనమని అర్థం.

పైగా మర్ఫీ వాళ్లతో పాటే దెబ్బలు తిన్నాడు. 2008, 2009, 2010... మూడేళ్లు వరుసగా బుల్‌డాగ్స్ గ్రాండ్ ఫైనల్‌కు ఒక్క మెట్టు ముందు ఆగిపోయింది. 2014 చివర్లో కెప్టెన్ రయాన్ గ్రిఫెన్ మరో క్లబ్బుకు వెళ్లిపోయాడు, కోచ్ బ్రెండన్ మెకార్ట్నీ తప్పుకున్నాడు. ఇల్లు చెదిరిపోయిన ఆ సమయంలో పగ్గాలు పట్టినవాడు మర్ఫీ. మరుసటి ఏడాదే, 2015లో, లీగ్ మొత్తంలో ఆ ఏటి మేటి ఆటగాళ్లతో ప్రకటించే ఆల్ ఆస్ట్రేలియన్ జట్టుకు కెప్టెన్‌గా ఎంపికయ్యాడు. 2016 ఏప్రిల్‌లో, ఇదే హాథోర్న్‌తో మ్యాచ్ ఆఖరి నిమిషాల్లో, మోకాలి లిగమెంట్ తెగింది. ఆ సీజన్ అతనికి అక్కడితో సరి.

జట్టుకు మాత్రం అదే చరిత్రాత్మక సీజన్ అయింది. పట్టికలో ఏడో స్థానం నుంచి లేచి, అక్టోబర్ 1న దాదాపు లక్ష మంది ముందు మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్ (ఎంసీజీ)లో జరిగిన గ్రాండ్ ఫైనల్‌లో సిడ్నీ జట్టును 22 పాయింట్ల తేడాతో ఓడించింది. గెలిచిన కోచ్‌కు ఇచ్చే జాక్ మెక్‌హేల్ పతకాన్ని లూక్ బెవరిడ్జ్ తన మెడలోంచి తీసి, మర్ఫీని వేదిక మీదికి పిలిచి, అందరికంటే నీకే ఇది చెందాలంటూ అతనికి వేశాడు. ఆ దృశ్యం చూసి కళ్లు చెమర్చనివాళ్లు ఆ పడమటి శివార్లలో ఉంటారని నేను అనుకోను. కోచ్ మనసు గొప్పదే. కానీ స్టాండ్స్‌లో ఉన్నవాళ్లు ముందే తీర్పు ఇచ్చేసిన విషయాన్ని అతను అమలు చేశాడంతే.

అంత హక్కు ఆ జనానికి ఎక్కడిది? నా వాదన అంతా ఇక్కడే ఉంది. 1989లో ఈ క్లబ్బు, అప్పటి ఫుట్‌స్క్రే, దివాలా అంచున ఉంది. లీగ్ పెద్దలు దాన్ని ఫిట్జ్‌రాయ్ అనే మరో క్లబ్బులో కలిపేయాలని నిర్ణయించారు. కార్మికవాడల జనం వీధుల్లోకి వచ్చారు, డబ్బాలు పట్టుకుని చందాలు వసూలు చేశారు, కోర్టుకెక్కారు. మూడు వారాల్లో దాదాపు 15 లక్షల డాలర్లు కూడబెట్టి క్లబ్బును నిలబెట్టుకున్నారు. ఆ పోరాటానికి ముందు నిలిచిన న్యాయవాది పీటర్ గోర్డన్, 2016లో కప్పు వచ్చిన రోజున కూడా క్లబ్బు అధ్యక్షుడే. సభ్యత్వం కట్టే అభిమానులకు అక్కడ బోర్డు ఎన్నికల్లో ఓటుంది. చందా ఎత్తి కాపాడుకున్న ఇంటికి మర్ఫీ పెద్దకొడుకు. అతనికి వీడ్కోలు ఎలా చెప్పాలో ఎవరూ వాళ్లకు నేర్పక్కర్లేదు.

విధేయత పేరుతో ఆటగాణ్ని కట్టిపడేయడం అన్యాయమని కొందరంటారు. నిజమే, ఆటగాడి జీవితం చిన్నది, మంచి ధర వచ్చిన చోటికి వెళ్లే స్వేచ్ఛ అతనికి ఉండాలి. ఏఎఫ్‌ఎల్‌లోనూ 2012 నుంచి ఫ్రీ ఏజెన్సీ, అంటే ఒప్పందం ముగిసిన సీనియర్ ఆటగాడు నచ్చిన క్లబ్బుకు వెళ్లే వీలు, ఉంది. గ్రిఫెన్ వెళ్లిన ఒప్పందంలోనే వచ్చిన టామ్ బాయిడ్ 2016 ఫైనల్‌లో కీలకమయ్యాడు కూడా. నేను అడుగుతున్నది ఆటగాణ్ని ఆపమని కాదు, అభిమానికి ఇంత చోటు ఇవ్వమని.

ఆ చోటు లేకపోతే ఏమవుతుందో హైదరాబాద్‌కు బాగా తెలుసు. బుల్‌డాగ్స్ గెలిచిన 2016లోనే సన్‌రైజర్స్ ఐపీఎల్ గెలిచింది. కెప్టెన్ డేవిడ్ వార్నర్ ఆ సీజన్‌లో 848 పరుగులు చేశాడు. తెలుగు పాటలకు ఇంటిల్లిపాదితో స్టెప్పులేసి మన ఇళ్లలో మనిషైపోయాడు. 2021లో ముందు కెప్టెన్సీ పోయింది, తర్వాత తుది జట్టులో చోటు పోయింది. కారణం తనకెవరూ చెప్పలేదని ఆ తర్వాత అతనే బయటపెట్టాడు. జట్టు ఆడుతుంటే స్టాండ్స్‌లో కూర్చుని జెండా ఊపాడు, సోషల్ మీడియాలో అభిమానులకు వీడ్కోలు రాసుకున్నాడు. అతనికి ఉప్పల్‌లో లేచి నిలబడి చప్పట్లు కొట్టే అవకాశం మనకు ఎవరిచ్చారు? అంతకు ముందు 2009లో గిల్‌క్రిస్ట్ సారథ్యంలో కప్పు తెచ్చిన డెక్కన్ చార్జర్స్ 2012లో మొత్తానికే మాయమైంది. ఫుట్‌స్క్రే జనంలా చందాలెత్తి ఆపుకుందామన్నా మన చేతిలో ఏ కాగితమూ లేదు. యాజమాన్యానికీ బోర్డుకూ మధ్య వివాదంలో మనం చూపరులం.

మెల్‌బోర్న్ పడమటి శివార్లలో, టార్నీట్, పాయింట్ కుక్ వైపు, ఇవాళ తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. వరంగల్ నుంచి వెళ్లి అక్కడ స్థిరపడిన కుర్రాడు సభ్యత్వం కట్టి, బుల్‌డాగ్స్ బోర్డులో ఎవరు కూర్చోవాలో ఓటేసి చెప్పవచ్చు. ఉప్పల్ స్టేడియం పక్కన పుట్టి పెరిగినవాడికి సన్‌రైజర్స్‌లో ఆ మాట చెల్లదు, ఎన్ని టికెట్లు కొన్నా సరే. ఫ్రాంచైజీల ఒప్పందాల్లో అభిమానుల సంఘాలకు వాటా, కనీసం బోర్డులో ఒక కుర్చీ ఉండాలని బీసీసీఐని అడగాల్సింది మనమే. వేలంలో మన ఆటగాణ్ని వదిలేసిన మర్నాడు ట్విటర్‌లో కోప్పడి ఊరుకుంటే ఆ కుర్చీ రాదు.